ఒకే లాట్ బ్లేడ్లు, ఒకే అవర్స్, మరి కొన్నే ఎందుకు పగిలాయి?

మీరు అడిగింది ఇదీ: ఓవర్‌హాల్‌కి కేసింగ్ ఎత్తి గ్యాస్ టర్బైన్ మొదటి వరసలో ఉన్న 92 బ్లేడ్లకీ డీపీ టెస్ట్ (రంగు ద్రవం పూసి పైకి తేలిన పగుళ్లు కనిపెట్టే పరీక్ష) చేస్తే ఏడింటికి ముందు అంచు మీద పగుళ్లు కనబడ్డాయి, ఇంకో రెండు కొంచెం సాగాయి, మిగతావి చూస్తే నిన్న బిగించినట్టున్నాయి. అన్నీ ఒకే లాట్, ఒకేసారి బిగించినవి, నడిచిన గంటలు ఒకటే. పైవాళ్లేమో "సగటున ఇంకా సగం లైఫ్ ఉంది, ఆ తొమ్మిదీ మార్చి మూత పెట్టెయ్యండి" అంటున్నారు. అది సరైనదేనా, గంటలు ఒకటే అయినప్పుడు వయసు ఎందుకు ఒకటి కాదు అని మీ సందేహం.

సూటిగా సమాధానం: తొమ్మిదీ మార్చి మూత పెట్టడం తప్పేం కాదు, చాలా చోట్ల అలాగే చేస్తారు. కానీ అవి ఎందుకు పోయాయో తేల్చకుండా పెట్టకండి, "సగటు" అన్న మాట నమ్మి అసలే పెట్టకండి. బ్లేడ్ల వరసకి సగటు వయసుతో పని లేదండి. 92లో 91 బాగున్నా ఒక్కటి ఊడితే అది వెనక వరసలన్నిటినీ కొట్టుకుంటూ పోతుంది, రోటర్ మొత్తం బయటికి తియ్యాల్సొస్తుంది. కాలవ గట్టు ఎంత దూరం గట్టిగా ఉన్నా ఒక్క చోట ఎలక బొరియ ఉంటే గండి అక్కడే పడుతుంది, మిగతా గట్టు ఎంత బాగుందన్నది మునిగిన చేనుకి అనవసరం. వరస వయసంటే అందులో ముందుగా పోయే బ్లేడ్ వయసే. బ్లేడ్‌కీ బ్లేడ్‌కీ మధ్య తేడా పెరిగేకొద్దీ ఆ మొదటిది పోయే రోజు ఇంకా ముందే వచ్చేస్తుంది, సగటు మాత్రం అక్కడే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఈ చివరి ముక్క వింతగా ఉంటుంది, లెక్క వేసి చూపిస్తాను.

నేను పనిచేసింది ఎక్కువగా మన గోదావరి జిల్లాల్లోనే, హాట్ సెక్షన్, అంటే మంటా వేడి గ్యాసూ తగిలే భాగాల పనుల్లోనే. విజ్జేశ్వరం, జేగురుపాడు, కాకినాడ, తర్వాత సామర్లకోట, వేమగిరి, పెద్దాపురం... డెల్టా చుట్టూ ఇన్ని గ్యాస్ టర్బైన్లు ఉన్నాయి కాబట్టి ఈ పనికి మనవాళ్లు దూరం పోనక్కర్లేకపోయింది. కింద చెప్పే కేసులు ఏ ప్లాంట్‌వో చెప్పను, దయచేసి అడగొద్దు.

ముందు లెక్క. మొదటి వరస బ్లేడ్‌కి తగిలే గ్యాస్ 1,100 డిగ్రీల పైమాటే. లోపల రంధ్రాల గుండా పోయే కూలింగ్ గాలి వల్ల లోహం 850 దరిదాపుల్లో ఉంటుందనుకుందాం. దీనికి తోడు 3,000 ఆర్‌పీఎంలో తిరిగే మెషీన్‌లో, ఇరుసు నుంచి మీటరు దూరంలో ఉన్న వస్తువు మీద దాని బరువుకి పదివేల రెట్ల లాగుడు పడుతుంది. ఎర్రగా కాలిన లోహాన్ని అంత బలంతో గంటల తరబడి లాగితే మెల్లగా సాగుతుంది, దాన్నే క్రీప్ అంటాం. మీ రెండు బ్లేడ్లు సాగడం అదే. ఈ క్రీప్‌కి వేడి మీద ఉన్నంత పట్టింపు ఇంక దేని మీదా ఉండదు. వేడినీ ఆగే గంటలనీ ముడిపెట్టే లార్సన్-మిల్లర్ సూత్రంలో స్థిరాంకం 20 వేసుకుని మీరే చేసి చూడండి: 850 డిగ్రీల దగ్గర 24,000 గంటలు ఆగే బ్లేడ్, 15 డిగ్రీలు ఎక్కువైతే సుమారు 11,500 గంటలకే అయిపోతుంది. అదే 15 డిగ్రీలు తగ్గితే 51,000 గంటలు ఆగుతుంది. పదిహేనే పదిహేను డిగ్రీలు! బయటికి పోయే గ్యాస్ వేడి కొలిచే ఎగ్జాస్ట్ థర్మోకపుల్స్‌లో మనం అంతకు మించిన తేడాని రోజూ చూసి "నార్మలే" అని లాగ్‌బుక్‌లో రాసేస్తాం.

ఇప్పుడు దీన్ని రెండు రకాలుగా చూడాలి, ఇక్కడే చాలామంది కలిపేసుకుంటారు.

ఒకటి, బ్లేడ్‌కీ బ్లేడ్‌కీ మధ్య తేడా. వరసలో సగం బ్లేడ్లు 15 ఎక్కువ వేడిలో, సగం 15 తక్కువ వేడిలో నడిచాయనుకోండి. సగటు ఉష్ణోగ్రత 850 దగ్గరే ఉంది. సగటు వయసు మాత్రం 11,500కీ 51,000కీ మధ్యన 31,000 గంటలు, అంటే తేడా లేకుండా అన్నీ 850లో ఉన్నప్పటి 24,000 కన్నా ఎక్కువ! మీ పైవాళ్లు చూస్తున్నది ఈ అంకెనే. కానీ మెషీన్ ఆగిపోయేది 11,500 దగ్గర.

రెండోది, ఒకే బ్లేడ్ మీద కాలంతో పాటు మారే తేడా. ఇదే బ్లేడ్ సగం కాలం 15 ఎక్కువలో, సగం కాలం 15 తక్కువలో నడిచిందనుకుందాం. ఇక్కడ కలపాల్సింది వయసుల్ని కాదు, గంటకి జరిగే నష్టాన్ని. అలా కలిపితే 18,700 గంటలకి వస్తుంది. సగటు వేడి మారలేదు, అయినా ఐదో వంతు పైగా వయసు పోయింది, ఎందుకంటే వేడి గంటల్లో జరిగే నష్టాన్ని చల్లటి గంటలు పూడ్చలేవు. "పగలు కాస్త గట్టిగా లాగాం, రాత్రి తగ్గించాం, చెల్లుకి చెల్లు" అనే మాట షిఫ్టుల్లో వింటుంటాం, లోహం దగ్గర ఆ బేరం కుదరదు. టర్బైన్లు తయారుచేసే జీఈ వాళ్ల మెయింటెనెన్స్ లెక్కలో ఈ-క్లాస్ (వాళ్ల మోడళ్లలో ఒక తరగతి) మెషీన్ పీక్ లోడ్‌లో, అంటే ఫైరింగ్ టెంపరేచర్ (బ్లేడ్లకి చేరే గ్యాస్ వేడి) 56 డిగ్రీలు పెంచి నడిపిన ఒక్క గంటని ఆరు గంటలుగా కడతారు. కారణం ఇదే.

సరే, ఒకే లాట్‌లో తేడా ఎక్కణ్నించి వస్తుంది? "ఒకే లాట్" అన్నది కొనుగోలు కాగితం మీద మాట. బ్లేడ్ వేరు (డిస్క్‌లో కూర్చునే అడుగు భాగం) మీద కొట్టిన హీట్ నంబర్లు, అంటే ఏ పోత లోహమో చెప్పే నంబర్లు, ఒక్కసారి చదవండి, రెండు మూడు వేర్వేరు పోతలవి ఉండొచ్చు. రిఫర్బిష్ చేసిన సెట్ అయితే మరీను, కొన్ని ఇంకో మెషీన్‌లో ఒక విడత తిరిగొచ్చినవి కావచ్చు. ఒకే పోతలోనివే అయినా కాస్టింగ్‌లో లోపలి కోర్ కొంచెం జరిగితే ఒక పక్క గోడ పలచన, ఇంకో పక్క మందం అవుతుంది. కంటికి కనపడని చిన్న గుల్లలు ఒకదాంట్లో మధ్యలో పడతాయి, అక్కడైతే పర్వాలేదు, ఇంకోదాంట్లో ముందు అంచు దగ్గర పడతాయి. లోహంలోని స్ఫటిక గింజల దిశ కూడా లెక్కలోకొస్తుంది. నికెల్ సూపర్ అల్లాయ్ ఒక దిశలో మెత్తగా, ఇంకో దిశలో రెట్టింపు పైగా బిర్రుగా ఉంటుంది, అందుకే మొత్తం ఒకే గింజగా పోసిన ఏక స్ఫటికం బ్లేడ్లలో ఆ దిశ వాలు ఇన్ని డిగ్రీలు దాటకూడదని పరిమితి పెడతారు. బిర్రుగా ఉన్న దిశ పొడుగుకి వచ్చిందంటే అదే వేడి తేడాకి ఎక్కువ ఒత్తిడి పడుతుంది. కోటింగ్ మందం సంగతి చెప్పనే అక్కర్లేదు, స్ప్రే పట్టుకున్న చేతిని బట్టి మారిపోతుంది.

వీటన్నిటిలో క్రీప్‌కి సంబంధించినంతవరకు నేను ముందు అనుమానించేది కూలింగ్ గాలి. రంధ్రం వ్యాసం కాస్త తగ్గినా, లోపల కాస్త గరకు ఉన్నా గాలి తగ్గుతుంది, లోహం వేడెక్కుతుంది, పైన చెప్పిన పదిహేను డిగ్రీలు ఎంతో దూరంలో ఉండవు. ఒక ప్లాంట్‌లో ఇలాగే కొన్ని సాగాయి. లోహం మంచిది కాదని, సప్లయర్‌ని మార్చాలని పెద్ద గొడవ నడుస్తుంటే, అన్ని బ్లేడ్లకీ బెంచ్ మీద గాలి పెట్టి ఫ్లో కొలవమన్నాం. సాగినవన్నీ పట్టికలో కిందివైపు తేలాయి. కోసి చూస్తే రంధ్రాల్లో ఎర్రటి పొడి గట్టిగా కాలి అంటుకుపోయి ఉంది. తుప్పు! ఆ మెషీన్ గ్యాస్ లేక చాలా కాలం ఊరికే నిలబడింది, మన గాలిలో తేమ సంగతి మీకు తెలుసు, కంప్రెసర్ డిశ్చార్జ్ వైపు కేసింగ్ లోపల తుప్పు పట్టింది, మళ్లీ స్టార్ట్ చేశాక పొరలుగా లేచి కూలింగ్ గాలితో పాటు బ్లేడ్లలోకి పోయింది. కోసిన బ్లేడ్ ముక్క చేతిలో తిప్పుతూ మాతో ఉన్న పాలకొల్లు ఫిట్టర్ "ఇది బ్లేడ్ రోగం కాదండి బాబూ, నిలవ రోగం" అన్నాడు. రిపోర్ట్‌లో నాలుగు పేజీలు రాశాం కానీ విషయం అంతే.

ఫ్లో లెక్క ఇంకో పనికొస్తుంది. కొత్త సెట్ వచ్చినప్పుడు మనం ప్రతి బ్లేడ్‌కీ మొమెంట్ వెయిట్ (ఇరుసు నుంచి దూరాన్ని కూడా కలిపి కట్టే బరువు) తీసి, బ్యాలెన్స్ కుదిరేలా ఏ స్లాట్‌లో ఏది అని పట్టిక వేసుకుంటాం కదా. ఆ పట్టికలోనే ఫ్లో అంకె కూడా ఇంకో గడిలో రాయించండి. రెండు మూడు రోటర్లకి సరిపడా బ్లేడ్లు ఉన్న చోట తక్కువ ఫ్లో వాటిని ఒక రోటర్‌కి, ఎక్కువ ఫ్లో వాటిని ఇంకో రోటర్‌కి విడదీసి బిగిస్తే ఎక్కువ ఫ్లో రోటర్ నిజంగా ఎక్కువ కాలం నడుస్తుంది, తక్కువ ఫ్లో దాన్ని ముందే తెలిసి ముందే తీస్తాం. అన్నీ కలగలిపి బిగిస్తే ప్రతి రోటర్‌లోనూ ఒక బలహీనమైనది దూరి రోటర్లన్నీ తక్కువ వయసువే అవుతాయి. ఇందులో కొత్త లోహం కొనే ఖర్చు లేదు, అయినా పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఇక్కడ ఒక పక్క మాట. పగిలిన బ్లేడ్లు చూడగానే "ఆ పక్క కంబస్టర్ (ఇంధనం మండే గది) ఎక్కువ మండుతోంది" అనేవాళ్లు ప్రతి ప్లాంట్‌లోనూ ఉంటారు. తిరిగే బ్లేడ్ ఏ ఒక్క కంబస్టర్ ముందూ ఆగదు, ప్రతి చుట్టులోనూ అన్నిటి ముందు నుంచీ పోతుంది, కాబట్టి దానికి తగిలేది అన్నిటి సరాసరి వేడే. ఒక్క కంబస్టర్ తప్పు చేస్తే దెబ్బ తినేది కదలకుండా దాని ఎదురుగా కూర్చున్న నాజిల్, అంటే గ్యాస్‌ని బ్లేడ్ల మీదికి మళ్లించే రెక్క. నాఫ్తా (పెట్రోల్ లాంటి పలచటి ద్రవ ఇంధనం) మీద నడిచిన రోజుల్లో ఇది బాగా చూశాం. నాఫ్తాకి జిడ్డు తక్కువ, పంపులూ ఫ్లో డివైడర్లూ అరిగిపోయి కంబస్టర్‌కో రకంగా ఇంధనం పోయేది, ఎగ్జాస్ట్ స్ప్రెడ్ (థర్మోకపుల్స్ అంకెల మధ్య తేడా) పెరిగేది, తీసి చూస్తే రెండు చోట్ల నాజిళ్లు కాలిపోయి ఉండేవి, బ్లేడ్లు మాత్రం శుభ్రంగా ఉండేవి. అలాగని స్ప్రెడ్‌ని బ్లేడ్ల విషయంలో పూర్తిగా వదిలెయ్యమనడం లేదు, వేడి చార ముందు నుంచి పోయిన ప్రతిసారీ చిన్న కుదుపు ఉంటుంది, అది కంపనానికి సంబంధించిన గొడవ. కానీ 92లో ఏడు మాత్రమే పగిలాయంటే కారణం ఆ ఏడింటిలో ఉందని, కంబస్టర్‌లో కాదని ముందుగా అనుకోవాలి.

కంపనం అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. బ్లేడ్ల బరువు, బిర్రు కొంచెం తేడాగా ఉంటే వాటి సహజ పౌనఃపున్యాలు కూడా కొంచెం తేడాగా ఉంటాయి, దీన్ని మిస్‌ట్యూనింగ్ అంటారు. అన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటే కంపన శక్తి వరసంతా సమానంగా పంచుకుంటుంది, తేడా ఉంటే కొన్ని బ్లేడ్ల దగ్గర పోగుపడుతుంది. సిద్ధాంతం ప్రకారం అత్యధికంగా ఎంత పెరగొచ్చంటే, బ్లేడ్ల సంఖ్య వర్గమూలానికి ఒకటి కలిపి సగం చెయ్యండి, 92కి 5.3 రెట్లు. నిజంలో అంత రాదు, కానీ రెట్టింపు కంపనం కూడా ఫెటీగ్‌కి చాలా ఎక్కువ. విచిత్రం ఏంటంటే ఫ్లట్టర్ అనే ఇంకో జబ్బుకి ఈ తేడానే మందు, అన్నీ ఒకేలా ఉంటే ఒకదాన్ని చూసి ఒకటి ఊగడం మొదలుపెడతాయి, కాస్త తేడా ఉంటే ఆగుతాయి. అందుకని తేడా ఎప్పుడూ చెడ్డదే అని నేను అనను. మొదటి వరస పొట్టి బ్లేడ్ల కన్నా స్టీమ్ టర్బైన్ చివరి వరస పొడుగు బ్లేడ్లకి ఈ సంగతి ఎక్కువ వర్తిస్తుంది. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్‌ని మిగతా దేశంతో కలపక ముందు మన దగ్గర ఫ్రీక్వెన్సీ ఎలా ఊగేదో పాతవాళ్లకి గుర్తుంటుంది. ఫ్రీక్వెన్సీ పడితే ఆర్‌పీఎం పడుతుంది, ఆర్‌పీఎం మారితే డిజైనర్ ఎడం పెట్టిన రెజొనెన్స్ (బ్లేడ్ తన సహజ పౌనఃపున్యంలో విపరీతంగా ఊగే వేగం) దగ్గరికి జరుగుతుంది.

ఇప్పుడు మీ ఏడు పగుళ్లు. ముందు అంచు మీద పగుళ్లంటే నాకు గంటలు గుర్తుకు రావు, స్టార్టులూ ట్రిప్పులూ (మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోవడాలు) గుర్తుకొస్తాయి. స్టార్ట్ చేసినప్పుడు పలచటి అంచు ముందు వేడెక్కుతుంది, మందమైన మధ్యభాగం ఇంకా చల్లగా ఉంటుంది, అంచు సాగాలనుకుంటే మధ్యభాగం సాగనివ్వదు. ట్రిప్ పడితే సరిగ్గా తిరగబడుతుంది, అంచు క్షణాల్లో చల్లబడి ముడుచుకోవాలనుకుంటే లోపలి వేడి ముడుచుకోనివ్వదు. ఇది పదే పదే జరిగితే పగులుతుంది. అందుకే జీఈ తరహా లెక్కలో గంటలు వేరు, స్టార్టులు వేరు. ఈ-క్లాస్‌కి హాట్ గ్యాస్ పాత్ ఇన్‌స్పెక్షన్ 24,000 గంటలకో 1,200 స్టార్టులకో, ఏది ముందైతే దానికి. రోజుకో స్టార్ట్‌తో పదహారు గంటలు నడిపే మెషీన్‌కి 1,200 స్టార్టులయ్యేసరికి గంటలు 19,200 మాత్రమే. గంటల మీటర్ చూసుకుని కూర్చుంటే గడువు దాటిపోయినట్టు తెలియదు. పైగా ఫుల్ లోడ్ మీద ఒక ట్రిప్ ఎనిమిది మామూలు స్టార్ట్-స్టాప్‌లతో సమానం. నెలకి రెండు అలాంటివి పడితే ముప్ఫై స్టార్టులు నలభై పైచిలుకు అవుతాయి, మూడేళ్లు దాటి రావాల్సిన ఇన్‌స్పెక్షన్ రెండేళ్ల చిల్లరకే వస్తుంది. కొన్ని కంపెనీలు గంటలనీ స్టార్టులనీ కలిపి సమాన గంటలు అని ఒకే అంకె కడతాయి, మీ మాన్యువల్ ఏది చెబితే అదే పాటించండి, రెండూ కలిపి వాడకండి.

మన డెల్టా ప్లాంట్ల చరిత్ర చూస్తే ఈ రెండో రకం తేడా, అంటే కాలంతో మారేది, ఎంత గట్టిగా కొట్టిందో అర్థమవుతుంది. మొదట్లో నర్సాపురం, తాటిపాక వైపు బావుల గ్యాస్, చాలనప్పుడు నాఫ్తా. 2009 ఏప్రిల్‌లో డీ6 గ్యాస్ (కృష్ణా-గోదావరి సముద్ర క్షేత్రం గ్యాస్) మొదలయ్యాక బేస్ లోడ్ మీద నిలకడగా నడిచిన కాలం ఒకటి వచ్చింది, బ్లేడ్లకి అంత సుఖం మళ్లీ దొరకలేదు. ఆ తర్వాత ఉత్పత్తి పడిపోతూ వచ్చి 2013 మార్చికల్లా విద్యుత్ ప్లాంట్లకి ఆ గ్యాస్ పూర్తిగా ఆగిపోయింది. పడిపోతున్న ఆ కాలంలో లోడ్ తగ్గించడం, గ్యాస్ ప్రెషర్ చాలక ట్రిప్ అవడం, మళ్లీ ఎక్కించడం, ఇదే పని. 2015 నుంచి రెండేళ్లపాటు వేలం పద్ధతిలో దిగుమతి ఎల్‌ఎన్‌జీ ఇచ్చినప్పుడు కొన్ని మళ్లీ నడిచాయి. డీ6 గ్యాస్ దాదాపు మీథేనే, ఎల్‌ఎన్‌జీలో ఈథేన్ లాంటివి కాస్త ఎక్కువ ఉంటాయి, బావి గ్యాస్‌లో ద్రవం చుక్కలు కొట్టుకొచ్చే బెడద ఉంటుంది. ఆ చుక్కలు కంబస్టర్‌లో ఒక్కసారిగా మండితే ఆ క్షణం వేడి ఎంతకి పోతుందో ఏ థర్మోకపులూ అంత వేగంగా చూపించదు. గంటల మీటర్ మీద ఇవన్నీ ఒకే రకం గంటలు. ఇప్పుడు పగలు సోలార్ ఉంది కాబట్టి గ్యాస్ మెషీన్ అవసరం పడేది సాయంత్రం పీక్‌కి. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీద ఏరేటర్లు కూడా రాత్రి, తెల్లవారుజామునే కదా ఎక్కువ తిరిగేది. అంటే నడిచే గంటలు తగ్గి స్టార్టులు పెరుగుతాయి. ఇలాంటి మెషీన్ బ్లేడ్ వయసుని గంటల్లో చెప్పేవాళ్ల మాట వినకండి.

మన దగ్గర ఇంకొకటి ఉప్పు. తీరం నుంచి వచ్చే గాలిలో ఉప్పుని ఎండాకాలం ఫిల్టర్ పొడిగా పట్టుకుంటుంది, వానాకాలం అదే ఫిల్టర్ తడిసి ఉప్పు కరిగి అవతలికి దిగిపోతుంది. ఒకే ఫిల్టర్, రెండు కాలాల్లో రెండు రకాలు. లోపలికి పోయిన సోడియం ఇంధనంలోని గంధకంతో కలిసి సోడియం సల్ఫేట్ అవుతుంది, అది 884 డిగ్రీల దగ్గర కరిగి కోటింగ్‌ని తింటుంది. ఇంకా తక్కువ వేడిలో, 600 నుంచి 750 మధ్య, ఇంకో రకం తినడం ఉంది, అది బ్లేడ్ అడుగున ప్లాట్‌ఫామ్ దగ్గర వస్తుంది. లోడ్ మారుతూ ఉంటే బ్లేడ్ మీద ఏ భాగం ఏ వేడిలో ఉంటుందో మారుతుంది కాబట్టి ఒకే బ్లేడ్ మీద రెండు రకాలూ కనిపిస్తాయి. ద్రవ ఇంధనంలో సోడియం, పొటాషియం కలిపి పది లక్షల్లో ఒక వంతు దాటకూడదని పరిమితి ఉండేది అందుకే. కోటింగ్ పలచగా పడిన బ్లేడ్ ముందు తగులుకుంటుంది, కాబట్టి ఇక్కడ రెండు తేడాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మే నెలలో ఇంకో చిన్న దెబ్బ: కూలింగ్ గాలి కంప్రెసర్ నుంచే వస్తుంది, బయట నలభై దాటితే అదీ వేడెక్కి వస్తుంది. బ్లేడ్‌కి అందే చలవ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ అంకె చూస్తే ఏమీ తెలియదు.

మీ పైవాళ్లకి చూపించాల్సిన లెక్క ఒకటుంది. వాళ్లకి లోహశాస్త్రం చెబితే వినరు, అంకె చెబితే వింటారు. వస్తువులు ఎప్పుడు పోతాయో లెక్కగట్టే వైబుల్ పద్ధతిలో, ఒక్కో బ్లేడ్ విలక్షణ వయసు (సుమారు 63 శాతం పోయే వయసు) లక్ష గంటలనుకోండి. వయసుల్లో చెదురు ఎక్కువగా ఉంటే, అంటే చెదురు పెరిగేకొద్దీ తగ్గే వైబుల్ అంకె 3 అయితే, 92 బ్లేడ్ల వరసలో మొదటి బ్లేడ్ పోయే విలక్షణ వయసు సుమారు 22,000 గంటలు. చెదురు తక్కువై అదే అంకె 8 అయితే 57,000. లోహం ఒకటే, బ్లేడ్ వయసు ఒకటే, చెదురు మాత్రమే తగ్గింది. అదే డబ్బు పెట్టి పది శాతం ఎక్కువ ఆగే ఖరీదైన బ్లేడ్ కొని చెదురు అలాగే ఉంచితే 22,000 కాస్తా 24,000 అవుతుంది, అంతే. బ్లేడ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయని అనుకుంటేనే ఈ లెక్క, ఉప్పు లాంటివి అన్నిటినీ కలిపి కొడతాయి కాబట్టి అంకెల్ని అక్షరాలా పట్టుకోకండి, ఎటు మొగ్గుతుందో చూడండి.

ఇప్పుడు చెయ్యాల్సింది. కేసింగ్ ఇంకా తెరిచే ఉంది కాబట్టి తొందరపడొద్దు. ముందు తొమ్మిది బ్లేడ్ల స్లాట్ నంబర్లు, హీట్ నంబర్లు, మొమెంట్ వెయిట్లు పక్కపక్కన రాయండి. పగిలిన ఏడూ ఒకే హీట్‌వైతే మిగతా 83లో ఆ హీట్‌వి ఎన్నున్నాయో అన్నీ అనుమానితులే, పగుళ్లు కనపడకపోయినా తీసెయ్యడం మేలు. బరువు పట్టికలో అవన్నీ ఒకే కొసన ఉంటే గోడ మందం అనుమానించాలి. పక్కపక్క స్లాట్లలో ఉంటే బ్లేడ్‌ని వదిలేసి డిస్క్‌లో ఆ భాగానికి కూలింగ్ గాలి ఎలా వస్తోందో చూడండి.

రెండు సాగినవాటిని ఏడు పగిలినవాటితో ఒకే కుప్పలో వెయ్యకండి. అవి వేరే జబ్బు. వాటికి ఫ్లో టెస్ట్, వీలైతే మొత్తం సెట్‌కి. కోసి చూడ్డానికి ఒక బ్లేడ్ ఇవ్వమని ల్యాబ్ అడిగితే అన్నిటికన్నా బాగున్నదో, చేతికందినదో ఇవ్వకండి. ఇంకా బాగున్నట్టు కనిపిస్తున్న 83లో ఫ్లో అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని ఇవ్వండి. లోహానికి బలమిచ్చే గామా ప్రైమ్ కణాలు ఎంత ముతకబడ్డాయో చూస్తే ఆ బ్లేడ్ నిజంగా ఎంత వేడిలో నడిచిందో చెప్పొచ్చు, అది బాగుంటే మిగతావి బాగున్నట్టే. ఒక మంచి బ్లేడ్ వృథా అని స్టోర్స్‌వాళ్లు గోల చేస్తారు, చెయ్యనివ్వండి.

డీపీ టెస్ట్ ఒక్కదాని మీద ఆధారపడొద్దు. కోటింగ్ ఉన్న బ్లేడ్ మీద డీపీ కోటింగ్ పగులునే చూపిస్తుంది, అది లోహంలోకి దిగిందో లేదో చెప్పదు, కోటింగ్ తీశాక మళ్లీ చెయ్యాల్సిందే. ఒక చోట కోటింగ్ పగుళ్లని చూసి మొత్తం సెట్‌ని స్క్రాప్ అని రాసేశారు, తీసి చూస్తే సగానికి పైగా పొరలోనే ఆగాయి. అటుపక్క, పైకి ఏమీ లేకుండా లోపల కూలింగ్ రంధ్రం గోడ నుంచి మొదలయ్యే పగుళ్లు కూడా ఉంటాయి, వాటిని డీపీ అస్సలు పట్టుకోదు.

మార్చే తొమ్మిదింటి స్థానంలో ఏం పెడుతున్నారన్నది కూడా ముఖ్యం. కొత్త తొమ్మిది, పాత 83 కలిస్తే వరసలో తేడా ఇంకా పెరుగుతుంది. కొత్తవి తొందరగా పోవు, దాంతో ఇబ్బంది లేదు, కానీ వచ్చే ఓవర్‌హాల్‌లో సగటు ఇంకా బాగా కనిపిస్తుంది, అదీ ఇబ్బంది. పాతవాటి గంటలు, స్టార్టులు స్లాట్ వారీగా విడిగా రాసి ఉంచండి, సెట్ మొత్తానికి ఒక అంకె రాయకండి. ఈ ఒక్క రిజిస్టర్ సరిగ్గా ఉన్న ప్లాంట్లు నేను చూసినవాటిలో చాలా తక్కువ.

మూత పెట్టాక వచ్చే బోరోస్కోప్ (మూత తియ్యకుండా సన్నటి కెమెరా గొట్టంతో లోపల చూసే తనిఖీ) గడువుని సగానికి తగ్గించమని అడగండి, గంటల్లో కాదు, స్టార్టుల్లో. ట్రిప్ పడిన ప్రతిసారీ ఎంత లోడ్ మీద పడిందో రాయండి, ఇరవై శాతం మీద పడిన ట్రిప్, ఫుల్ లోడ్ మీద పడిన ట్రిప్ ఒకటి కావు.

స్లాట్, హీట్ నంబర్ల పట్టిక, గత ఓవర్‌హాల్ తర్వాతి స్టార్టులు, ట్రిప్పులు ఇక్కడ పెట్టండి, ప్లాంట్ పేరు తీసేసి. మెషీన్ మధ్యలో ఎప్పుడైనా నెలల తరబడి ఆగి ఉంటే అప్పుడు డీహ్యూమిడిఫైయర్ పెట్టారో లేదో కూడా రాయండి, ఆ రెండు సాగినవాటి సంగతి అక్కడే తేలుతుందని నా అనుమానం.